సున్నా కొట్టడం

పాత పరుపు ఇంటికొస్తే
మా నాయన ముందు కుట్లు విప్పేవాడు,
తర్వాత తలుపు మూసేవాడు.
దుమ్ముకని అనుకునేదాన్ని చాన్నాళ్ళు.

పరుపులో దూది ఒక్కటే ఉండదు.
తలపిన్నులు, తెగిన తాయెత్తు,
ఎవరో ఎవరికో రాసి ఇవ్వని చీటీ,
ఒకసారి పసిబిడ్డ మొలతాడు.
పైసలైతే పొట్లం కట్టి వాపసిచ్చేవాడు.
తక్కినవి పొయ్యిలోకి.
"పక్క మీది సంగతి దూదేకులోడు చెప్పకూడదు పాపా."
అంతే. ఆ మీదట విల్లు మోగేది.

ఇప్పుడు ఆదోనిలో పరుపులు ఏకించుకునేవాళ్ళు లేరు.
మార్కెట్ యార్డు రోడ్డులో అదే కొట్లో
నేను కంప్యూటర్లు విప్పుతాను.
విల్లు ఇంకా గోడకే ఉంది.
దించడానికి మనసు రాక కాదు,
మేకు ఊడి రాక.

మొన్న చెన్నబసప్ప ఏడు పెట్టెలు ఆటోలోంచి దించినాడు.
ఎక్స్‌రే సెంటరు మూసేస్తున్నాడంట.
"కోసిగి బడికి ఇస్తానని మాటిచ్చినా.
అంతా డిలీట్ కొట్టేసినాలే,
నువ్వు దుమ్ము దులిపియ్యి చాలు."

సామీ, డిలీట్ అంటే
గుమ్మం మీద పేరుపలక పీకడం.
లోపల మంచం, మంచం కింద ట్రంకుపెట్టె,
పెట్టెలో దాచుకున్నవి అన్నీ అట్లే ఉంటాయి.
కొత్తోళ్ళొచ్చి కాపురం పెట్టేదాకా ఉంటాయి.
వాళ్ళు వంటింట్లోనే సర్దుకుంటే
పడకగది ఎప్పటికీ పాతోళ్ళదే.

నమ్మలేదు. నవ్వినాడు.
సరే సూడమని ఒక డిస్కు తగిలించి
వెతికే ప్రోగ్రాం తిప్పినా.
టీ ఆరేలోపు
ఊరు లేచి కూచుంది తెర మీద.
పేర్లు, వయసులు, పక్కటెముకలు,
జిన్నింగు మిల్లులో బోరాలు లాగిన ఆడోళ్ళ వీపులు,
తెల్లగా, ఒకదాని మీద ఒకటి.
చెన్నబసప్ప గ్లాసు కింద పెట్టినాడు.
"ఆపమ్మా."

ఆపబోతూ చూసినా.
దూదేకుల చిన్న పకీరప్ప, యాభై నాలుగు, మగ.

మాకు తెలిసింది పీర్ల పండక్కి.
ఈ తేదీ దానికి రెండేళ్ళ ముందరిది.
రెండేళ్ళు
ఆయన తలుపు మూసుకున్నది
చీటీల కోసం కాదు.

జేబులో పెన్‌డ్రైవ్ ఉంది.
ఒక్క బొమ్మ.
మా నాయన ఎముకలు, నాకు హక్కు లేదా?
చెయ్యి పోయింది కూడా.
ఆ వరసలోనే పైన ఎవరో ఒకామె, కింద ఎవరో ఒకాయన,
వాళ్ళకీ కూతుళ్ళుంటారు.
చెప్పకూడదనుకున్నది ఆయన చెప్పకుండానే పోయినాడు.
నాదైనా ఇది ఊరి పరుపే.
కుట్టు వేసేసినా.

ఇల్లు ఖాళీ అయితే సున్నం కొడతాం గదా,
ఇదీ అంతే, సున్నా కొట్టడం.
మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా
సున్నా, సున్నా, సున్నా.
రాత్రంతా ఏడు పెట్టెలు గురక పెట్టినాయి.
నేను వాటి మధ్య చాప వేసుకున్నా.

పొద్దునకి ఆరు తేలినాయి.
మళ్ళీ వెతికిస్తే ఏమీ దొరకలేదు,
ఏకిన దూదిలో
ఎవరి తల ఆనిందో తెలియనట్టు.
ఏడోది మొరాయించింది.
అక్కడక్కడా చచ్చిన గళ్ళు.
చెమ్మగోడ సున్నం పట్టనట్టు
సున్నా పట్టలేదు.
ఏ పేర్లు అందులో ఇరుక్కున్నాయో.
మొన్న తిప్పింది దీన్నేనా అంటే
గుర్తు పెట్టుకోలేదు. కావాలనే.

గ్రిల్లు వెల్డింగు మౌలాలిని డ్రిల్లు అడిగి తెచ్చి
నాలుగు బొక్కలు వేసినా.
అద్దంలాంటి పళ్ళెం పగిలి పొడి రాలింది.
ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నా.
గోడ అదిరి వెనక నారి
సన్నగా జుమ్మంది.

మధ్యాహ్నం చెన్నబసప్ప వచ్చి
డిస్కులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.
చెడిపోయిన ఏడోదానికి కూలి ఎందుకన్నాడు.

దానికే ఎక్కువ సామీ, అన్నా.